తెలివి, ఎక్స్ క్రోమోజోము, తల్లి మీద నింద

ఒక ఇంట్లో ఇద్దరు మగపిల్లలకు మాటలు ఆలస్యమై, చదువు ఎక్కదు. ఆడపిల్ల మాత్రం చురుగ్గా ఉంటుంది. "తల్లి తరఫు దోషం" అని చుట్టాలు తేల్చేస్తారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇలాంటిదే: పాపం వాడిదా, కన్నవారిదా? ఎవరిదీ కాదన్నారు ప్రభువు. వైద్యం ఏమంటుందో చూద్దాం.

మనకు 23 జతల క్రోమోజోములు ఉంటాయి. చివరి జత స్త్రీకి ఎక్స్, ఎక్స్. పురుషునికి ఎక్స్, వై. ఇవి మొదట సమానమైన జతేననీ, కోట్ల ఏళ్ళలో వై చాలా జన్యువులను పోగొట్టుకుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎక్స్ మీద మాత్రం సుమారు 800 మిగిలాయి. వాటిలో 100కు పైగా, చెడితే బుద్ధిమాంద్యం తెచ్చేవే. ఆడపిల్లకు ఒక ఎక్స్ చెడినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఉన్నది ఒక్కటే.

అలాగని తెలివంతా తల్లి నుంచే వస్తుందని కొందరు రాసేది నిజం కాదు. తెలివికి సంబంధించిన జన్యువులు మిగతా క్రోమోజోముల మీదా వందలకొద్దీ ఉన్నాయి. తిండి, చదువు, ఇంటి వాతావరణం సరేసరి.

ఎక్స్ వల్ల వచ్చే బుద్ధిమాంద్యంలో ముఖ్యమైనది ఫ్రాజైల్ ఎక్స్. దీనికి కారణమైన జన్యువును 1991లో కనుగొన్నారు. అరిగిన గ్రామఫోను రికార్డులో ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వినబడినట్టు, ఆ జన్యువులో ఒక చిన్న భాగం పదేపదే వస్తుంది. 200 సార్లు దాటితే జన్యువు పని మానేస్తుంది. 55 నుంచి 200 వరకు ఉన్నవారికి బుద్ధిమాంద్యం ఉండదు. కానీ తల్లి నుంచి బిడ్డకు చేరేటప్పుడు ఆ సంఖ్య పెరగవచ్చు.

ఆ ఎక్స్ తల్లికి ఎక్కడిది? చాలాసార్లు ఆమె తండ్రి నుంచే! ఆయన మామూలుగా బతికి, తన కూతుళ్ళందరికీ దాన్ని తెలియకుండానే ఇచ్చి ఉంటాడు. మేనరికం కూడా దీనికి కారణం కాదు. మేనరికం వల్ల పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి.

మాటలు ఆలస్యం కావడం, కళ్ళలోకి చూడకపోవడం, చేతులు ఆడించడం, పొడవైన ముఖం, పెద్ద చెవులు కనబడితే డాక్టరుకు చూపించండి. రక్తంతో డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తారు. జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ, మాటల శిక్షణ, ప్రత్యేక బోధన త్వరగా మొదలుపెడితే పిల్లలు ఎంతో నేర్చుకుంటారు. తల్లి అక్కచెల్లెళ్ళు గర్భం రాకముందే సలహా తీసుకోవాలి. తల్లి తండ్రికి పెద్ద వయసులో చేతులు వణకడం, నడక తూలడం ఉంటే, లేక తల్లికి 40 లోపే ముట్లు ఆగిపోతే, ఆ సంగతి కూడా డాక్టరుకు తప్పక చెప్పండి.