పోటీ పరీక్షల ప్రత్యేకం: మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మెదడు పనితీరు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఒక స్వయం ప్రతిరక్షక వ్యాధి. కేంద్ర నాడీ వ్యవస్థలో ఆక్సాన్ల చుట్టూ ఉండే మైలిన్ తొడుగును శరీర రక్షణ వ్యవస్థే దెబ్బతీస్తుంది. సంకేతాల ప్రసారం మందగిస్తుంది. 1868లో ఫ్రెంచి వైద్యుడు జాఁ మార్టిన్ షార్కో దీన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు.

ముఖ్యాంశాలు
• ఈ వ్యాధిలో ఎక్కువగా దెబ్బతినేవి: సమాచారాన్ని గ్రహించే వేగం, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి.
• పాసాట్ పరీక్ష: వేగాన్నీ ఏకాగ్రతనూ కొలిచే ఈ పరీక్షలో వరుసగా వినిపించే అంకెల్లో ప్రతిదాన్నీ దాని ముందు అంకెతో కూడి చెప్పాలి.
• ఎఫ్ఎంఆర్ఐ: రక్తంలోని ఆక్సిజన్ మార్పుల ఆధారంగా మెదడులో చురుగ్గా ఉన్న భాగాలను చూపుతుంది. దీనికి మూలమైన బోల్డ్ సూత్రాన్ని 1990లో సెయిజీ ఒగావా వెల్లడించారు.
• తొలి దశ: ఎఫ్ఎంఆర్ఐ తీస్తూ పెట్టిన ఇలాంటి పరీక్షల్లో ఆరోగ్యవంతులతో సమానంగా రాణించిన రోగుల్లోనూ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ వంటి భాగాలు అదనంగా పనిచేసినట్లు పలు అధ్యయనాల్లో కనిపించింది. ఇది నష్టాన్ని పూడ్చుకునే ప్రయత్నమని భావిస్తున్నారు.
• ముదిరిన దశ: ఇలా పూడ్చుకునే సామర్థ్యం సన్నగిల్లుతుంది. థాలమస్, హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం మతిమరుపుతో ముడిపడి ఉంది.
• దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఒకటి.
• ప్రపంచ ఎంఎస్ దినోత్సవం: మే 30.

రోగి జవాబు ఆలస్యమైతే అది నిర్లక్ష్యం కాదు. అదే పనికి ఆ మెదడు ఎక్కువ శ్రమిస్తోంది. పోటీ పరీక్షకే కాదు, మనుషులతో మెలగడానికీ ఈ అవగాహన అవసరం.

మాదిరి ప్రశ్న: కేంద్ర నాడీ వ్యవస్థలో మైలిన్‌ను తయారుచేసే కణాలు ఏవి?
1) ష్వాన్ కణాలు 2) ఆలిగోడెండ్రోసైట్లు 3) ఆస్ట్రోసైట్లు 4) మైక్రోగ్లియా
జవాబు: 2