బత్తాయి బూజుకు ఈస్టు కాపలా

తోటలో ఉన్నప్పుడు కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. కోసి, బస్తాల కెత్తి, లారీలో మండీకి చేర్చేసరికి కొన్ని కాయలు మెత్తబడి పచ్చటి పొడి రాలుస్తుంటాయి. వ్యాపారి తరుగు తీస్తాడు. రెండెకరాల రైతుకు ఆ తరుగే కోత కూలి డబ్బులు.

బత్తాయి (చీని), నిమ్మ కాయల్లో ఈ నష్టానికి ముఖ్య కారణం పెనిసిలియం అనే బూజు. ఇందులో పచ్చ బూజు, నీలి బూజు అని రెండు రకాలున్నాయి. గాయం లేని తొక్కను పచ్చ బూజు ఛేదించలేదు. ముల్లు గుచ్చుకున్న చోటు, గోరు గీరిన చోటు, తొడిమ ఊడిన చోటు దానికి దారి. ఆ గాయంలో ఊరే రసంతోనే బూజు సిద్ధబీజం మొలకెత్తుతుంది. నీలి బూజు పట్టిన కాయ మాత్రం తన పక్కనున్న మంచి కాయకు కూడా తగిలి అంటిస్తుంది.

ఈ గాయం దగ్గరే ఈస్టు పనికొస్తుంది. ఈస్టు మనకు కొత్తేం కాదు, కల్లు పులిసేది దానివల్లే. పండ్ల తొక్కల మీద కూడా రకరకాల ఈస్టులు సహజంగా ఉంటాయి. ఇజ్రాయెల్, అమెరికా శాస్త్రవేత్తలు చలూట్జ్, విల్సన్ 1990లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. నిమ్మజాతి కాయలు కడిగిన నీటిని చిక్కగా ఉన్నదున్నట్లే పెంచి చూస్తే ఈస్టులు, బాక్టీరియాలే కనబడ్డాయి. అదే నీటిని బాగా పల్చన చేస్తే కుళ్ళు బూజులు లేచాయి. అంటే అంతవరకూ వాటిని ఈస్టులు, బాక్టీరియాలే అణచి ఉంచాయన్నమాట. కడిగి ఆరబెట్టిన కాయలు కడగని కాయల కన్నా త్వరగా కుళ్ళడం కూడా వాళ్ళు గమనించారు. మెరుపు కోసం కాయలను ఊరికే కడిగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈస్టు బూజుకు విషం పెట్టి చంపేది కాదు. గాయంలోకి ముందుగా చేరి, అక్కడి చక్కెరలు తినేసి, చోటంతా ఆక్రమించి వేగంగా పెరుగుతుంది. ఆలస్యంగా వచ్చిన బూజుకు తిండీ చోటూ దొరకవు. కొన్ని ఈస్టులు బూజు గోడలను కరిగించే ఎంజైములు కూడా వదులుతాయి. అందుకే కోసిన వెంటనే వాడాలి. బూజు లోపలికి దిగాక ఈస్టు పోసినా లాభం లేదు. మామిడిలో మచ్చ తెగులు తోటలోనే కాయలోకి చేరి దాగి ఉంటుంది కనుక అక్కడ దీనిమీద అంత ఆశ పెట్టుకోకూడదు.

కాండిడా ఒలియోఫిలా అనే ఈస్టుతో చేసిన 'ఆస్పైర్' మందుకు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ కొన్నేళ్ళకే అది మార్కెట్ నుంచి పోయింది. రసాయన మందులంత నిలకడగా ప్రతిసారీ పనిచేయకపోవడం ఇలాంటి మందులకున్న పెద్ద చిక్కు. వంట సోడా కొద్దిగా కలిపితే ఫలితం మెరుగైనట్లు తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఆ సోడాను ఈస్టు తట్టుకుంటుంది, బూజు బీజాలు మొలకెత్తలేవు.

ఇది చదివి రొట్టెల ఈస్టు పొట్లం నీళ్ళలో కలిపి కాయలు ముంచకండి. అది ఈ పనికి ఎంచిన రకం కాదు. ఎవరైనా ఈస్టు మందని అమ్మజూపితే పొట్లం మీద ఈస్టు పేరు, పంట పేరు, గడువు తేదీ, కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి, లేకుంటే తిప్పి పంపండి. ఇందులో ఉండేది ప్రాణమున్న సరుకు. ఎండలో పెట్టినా, మందు కొట్టిన డబ్బాలో కలిపినా చచ్చిపోతుంది.

మందు దొరికేలోగా గాయం కాకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. కాయను లాగకుండా కత్తెరతో కోయండి, తొడిమ పక్క కాయకు గుచ్చుకోకుండా పొట్టిగా ఉంచండి. మంచు తడి ఆరాకే కోత మొదలుపెట్టండి. గంపలోంచి నేలమీదికి కుమ్మరించవద్దు. కుళ్ళిన కాయలను గట్టు మీద పారేయకుండా గోతిలో పూడ్చండి, ఒక్క కాయ మీదే కోట్ల సిద్ధబీజాలుంటాయి.