స్కాలర్‌షిప్ అంటే ఏమిటి?

బడులు తెరిచే జూన్‌లో మనం తరచుగా వినే ఇంగ్లీషు మాట స్కాలర్‌షిప్. ఈ నామవాచకానికి రెండు అర్థాలున్నాయి. మొదటిది పాండిత్యం. మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్కాలర్‌షిప్ గొప్పదంటే ఆయన విద్వత్తు గొప్పదని అర్థం. ఈ అర్థంలో దానికి బహువచనం లేదు, ముందు 'ఎ' చేర్చము. రెండవది చదువుకోవడానికి ఇచ్చే సొమ్ము. ఇది లెక్కకు వస్తుంది. 'ఐ గాట్ స్కాలర్‌షిప్' అని రాసే పిల్లలచేత 'ఐ గాట్ ఎ స్కాలర్‌షిప్' అని దిద్దిస్తాము.

తెలుగులో ఉపకార వేతనం అంటాము. ఆ మాటలో ముందు కనిపించేది ఇచ్చేవారి ఉపకారం. ఇంగ్లీషు మాటలో కనిపించేది విద్యార్థి. ఉర్దూలో వజీఫా అంటాము. నియమం తప్పక రోజూ చదువుకునే దుఆలకూ అదే పేరు.

స్కూలు, స్కాలర్ అనే మాటలకు మూలమైన గ్రీకు పదానికి తీరిక అని అర్థం. మన ముదినేపల్లి, కైకలూరు ప్రాంతంలో చేపల చెరువు పనికి పోయే పిల్లవాడికి కరువైనది ఆ తీరికే. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ కింద ప్రభుత్వం 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏటా రూ. 12,000 ఇస్తుంది. దాని పరీక్ష 8వ తరగతిలో రాయాలి. అంతకుముందే బడి మానేసినవాడికి అది అందదు.

దాతలారా! 6, 7, 8 తరగతుల పిల్లలకు మన సాయం వజీఫాలా నెలనెలా తప్పక అందాలి. అందుకునే బిడ్డను సభలో 'పేద విద్యార్థి' అని పిలవకుండా 'మన స్కాలర్' అని పిలుద్దాం.