కట్టు విప్పిన కాలు – రంగులరాట్నం

విద్యార్థులారా! సంక్రాంతి వెళ్ళిందంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో జాతరల కాలం మొదలవుతుంది. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో నాగోబా జాతర, శివరాత్రికి వేములవాడ జాతర, రెండేళ్ళకొకసారి కరీంనగర్ పక్కనే రేకుర్తిలో సమ్మక్క జాతర. పెద్ద జాతర అంటే మీకు ముందు గుర్తొచ్చేది రంగులరాట్నమే కదూ! ఇక బడి విహారయాత్రకు హైదరాబాదు వెళితే, 2016లో రావిర్యాల దగ్గర ప్రారంభమైన వండర్‌లా వంటి వినోద ఉద్యానాలు ఉండనే ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మీ తరగతిలో ఎవరికో సైకిలు మీది నుంచి పడి కాలు విరిగి ఉంటుంది. పిండికట్టు విప్పి వారమైనా కాలేదు. "నొప్పి లేదు, నడుస్తున్నాను, రాట్నం ఎందుకు ఎక్కకూడదు?" అని ఆ అబ్బాయి అడుగుతాడు. "వద్దు బిడ్డా" అంటుంది అమ్మ. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? జవాబు మీ జీవశాస్త్రం, భౌతికశాస్త్రం పుస్తకాల్లోనే ఉంది. వెతుకుదాం రండి.

ఎముక ఎలా అతుకుతుంది?

ఎముక రాయి వంటిది కాదు. అందులో రక్తనాళాలు, జీవకణాలు ఉన్నాయి. ఎముక విరగగానే ఆ చోట రక్తం గడ్డకడుతుంది. ఒకటి రెండు వారాల్లో ఆ గడ్డ స్థానంలో పీచు కణజాలం, మృదులాస్థి ఏర్పడి విరిగిన కొనలను కలుపుతాయి. దీన్ని మెత్తని కాలస్ అంటారు. తరువాత అందులో కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరి గట్టి కాలస్ తయారవుతుంది. మోకాలి కింది పెద్ద ఎముక (అంతర్జంఘిక) ఈ దశ దాటడానికి పిల్లల్లో సాధారణంగా ఆరు నుంచి పది వారాలు, పెద్దల్లో మూడు, నాలుగు నెలలు పడుతుంది.

కట్టు విప్పేది ఈ దశలోనే. కాని పని ఇంకా పూర్తి కాలేదు! కొత్త ఎముక హడావిడిగా కట్టిన గోడ వంటిది. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు అందులో అక్కరలేని భాగాన్ని తొలిచివేస్తాయి. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కావలసిన చోట కొత్త పదార్థాన్ని పేరుస్తాయి. ఈ పునర్నిర్మాణం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగుతుంది. అంతేకాక, వారాల తరబడి కదలక కండరాలు సన్నబడతాయి, కీళ్ళు బిగుసుకుపోతాయి. కనుక నొప్పి లేకపోవడం వేరు, ఎముకకు పూర్తి బలం రావడం వేరు.

రాట్నంలో మీ బరువెంత?

ఇప్పుడు భౌతికశాస్త్రానికి వద్దాం. 10 మీటర్ల వ్యాసార్థం గల జెయింట్ వీల్ 20 సెకన్లకొకసారి తిరుగుతున్నదనుకోండి. దాని అంచు వేగం సెకనుకు సుమారు 3.14 మీటర్లు. వేగపు వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే కేంద్రం వైపు త్వరణం వస్తుంది. అది దాదాపు 1, అంటే గురుత్వ త్వరణంలో పదోవంతు. 40 కిలోల విద్యార్థి అడుగున ఉన్నప్పుడు 44 కిలోల వాడిలా, పైన ఉన్నప్పుడు 36 కిలోల వాడిలా పీటను నొక్కుతాడు. ఇది పెద్ద తేడా కాదు. అయితే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తొట్టి ఊగుతూ ఉంటుంది. అక్కడ తూలి పడడమే అసలు ప్రమాదం!

డాషింగ్ కారు సంగతి చూడండి. సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయే కారు మరొక దాన్ని గుద్ది సెకనులో పదోవంతులో ఆగిపోతే, త్వరణం 2ను 0.1తో భాగించగా 20. అంటే గురుత్వ త్వరణానికి రెండింతలు! ఆ కుదుపుకు మోకాలు ముందున్న రేకుకు కొట్టుకోవచ్చు.

రోలర్ కోస్టరు మలుపుల్లో మూడింతల బరువు తెలియవచ్చు. మోకాలి కింది భాగం, పాదం కలిపి శరీరం బరువులో సుమారు నూటికి ఆరు వంతులు. 40 కిలోల వాడికి అది 2.4 కిలోలు. మూడింతలైతే 7 కిలోలకు పైమాటే. కాలు వేలాడుతూ ఉంటే ఆ బరువంతా కొత్తగా అతికిన చోటును లాగుతుంది, వంచుతుంది కూడా. అమ్మ మాట ఎందుకు సరైనదో తెలిసింది కదా!

నీటి ఆటల మాటేమిటి? 1852లో హాలెండు సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ కట్టే పద్ధతిని ప్రకటించాడు. ఆ పొడి నీటితో కలిసి జిప్సంగా గట్టిపడుతుంది. గట్టిపడిన కట్టు మళ్ళీ తడిస్తే మెత్తబడి ఎముకను సరిగా పట్టి ఉంచదు. లోపలి దూది తడిసి చర్మం పాడవుతుంది.

అయితే జాతరకు వెళ్ళవద్దా?

డాక్టరు నడవమంటే తప్పక వెళ్ళండి. ఎముకకు తగినంత బరువు మంచిదే. మోసే బరువును బట్టి ఎముక తనను తాను మలచుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. బరువు తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి, వెన్ను ఎముకలు నెలకు నూటికి ఒక వంతు లేక అంతకు కొంచెం ఎక్కువ పదార్థాన్ని కోల్పోతాయి. చూశారా, పూర్తి విశ్రాంతి కూడా ఎముకకు చేటే.

అయితే లెక్క ఉండాలి. కిలోమీటరుకు సుమారు 1500 అడుగులు పడతాయి. జాతరలో రెండు కిలోమీటర్లు తిరిగితే ఒక్కొక్క కాలు 1500 సార్లు శరీరాన్ని మోయాలి. నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు గోదావరిలోని హస్తినమడుగు నుంచి కాలినడకన జలం తెస్తారు. వారి కాళ్ళు ఆ నడకకు అలవాటు పడినవి. మీ కాలు ఇప్పుడే మళ్ళీ నడక నేర్చుకుంటున్నది! కనుక మధ్యమధ్య కూర్చోండి, జనం పలచగా ఉన్న వేళ వెళ్ళండి, ఈ సూత్రాలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఒక్క చేతికర్ర ఉంటే బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోండి. దెబ్బ తగిలిన కాలు, కర్ర కలిసి ముందుకు పడాలి. అప్పుడు బరువు రెండింటికీ పంచుకుపోతుంది.

రెండు: చంకకర్రలైతే బరువు అరచేతుల మీద మోపండి. కర్రకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. లేకుంటే అక్కడి నాడులు నలిగి చేయి తిమ్మిరెక్కుతుంది.

మూడు: మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. ఎందుచేత? ఎక్కేటప్పుడు పై మెట్టు మీది కాలే శరీరాన్ని ఎత్తుతుంది. దిగేటప్పుడు పై మెట్టు మీద మిగిలిన కాలే శరీరాన్ని మెల్లగా దించుతుంది. రెండు సందర్భాల్లోనూ కష్టమైన పని మంచి కాలిదే!

ఈ గుర్తులు మరువకండి

కట్టు ఇంకా ఉన్నవారు ఎప్పటికప్పుడు కాలివేళ్ళను చూసుకోవాలి. వేళ్ళు నీలంగానో పాలిపోయో కనిపించినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళు కదిపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లవారే దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కట్టు బిగిసి రక్తప్రసారం ఆగితే కొన్ని గంటల్లోనే కండరాలు చచ్చిపోతాయి. పిండికట్టు కానీ, వెదురుబద్దల కట్టు కానీ, ఈ నియమం అన్నిటికీ ఒక్కటే. ఎక్స్‌రే తీయించకుండా కట్టు కట్టించుకోకండి.

ఆహారంలో పాలు, గుడ్లు, పప్పులు, రాగులు, నువ్వులు ఉండాలి. సకినాల్లో నువ్వులు వేస్తారని మీకు తెలుసు కదా! రోజూ కొంతసేపు ఎండ తగిలితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది.

మీరే చేసి చూడండి

స్ప్రింగు త్రాసు కొక్కేనికి దారంతో 200 గ్రాముల రాయిని కట్టండి. కదలకుండా ఉన్నప్పుడు త్రాసు ఎంత చూపింది? ఇప్పుడు రాయిని ఒక పక్కకు, దారం నిలువుకు 60 డిగ్రీల కోణం చేసేటట్లు లాగి వదలండి. రాయి అడుగుకు వచ్చిన క్షణంలో ముల్లును గమనించండి. లెక్క ప్రకారం అది 400 గ్రాముల దగ్గరకు పోవాలి. రాయి బరువు పెరగలేదు, మరి ముల్లు ఎందుకు దిగింది? ఊయలలో కూర్చున్న మీ మిత్రుని కాలికి ఏమవుతుంది? ఆలోచించి మీ సైన్సు ఉపాధ్యాయునికి చెప్పండి. కట్టు విప్పిన మిత్రుడికి కూడా తప్పక చెప్పండి. రాట్నం వచ్చే ఏడు కూడా వస్తుంది.