అండమాన్ నడినెత్తిన గెలాక్సీల గుంపు

ఏప్రిల్ మధ్యలో రాత్రి పదింబావు ప్రాంతంలో, మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన శ్రీవిజయపురంలో టెలిస్కోప్‌ను నిటారుగా పైకి తిప్పితే ఒక మసక మచ్చ దొరుకుతుంది. అది ఎం87 అనే భారీ గెలాక్సీ. ఊరి అక్షాంశం 11.7 డిగ్రీలు కావడంతో అది నడినెత్తికి ఒక డిగ్రీ లోపే వస్తుంది. దాని చుట్టూ వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి. ఇదే కన్యారాశి గెలాక్సీ గుచ్ఛం. దూరం సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఒకప్పుడు గెలాక్సీలను ‘ద్వీప విశ్వాలు’ అనేవారు. దేనికది ఒంటరి అన్న అర్థంలో ఆ మాట సరిపోదు. ద్వీపాన్ని గాలీ అలా వదలనట్టే, గెలాక్సీనీ పరిసరాలు వదలవు. 1980లో అలన్ డ్రెస్లర్ 55 గుచ్ఛాల్లోని దాదాపు 6,000 గెలాక్సీలను పరిశీలించారు. రద్దీ పెరిగేకొద్దీ సర్పిలాకార గెలాక్సీల వాటా తగ్గుతోందని, కొత్త నక్షత్రాలు పెద్దగా పుట్టని దీర్ఘవృత్తాకార, కటకాకార గెలాక్సీల వాటా పెరుగుతోందని తేలింది.

ఎందుకు? గుచ్ఛంలో గెలాక్సీల మధ్య ఉన్నది ఖాళీ కాదు. కోట్ల డిగ్రీల వేడి వాయువు పలచగా పరుచుకుని ఉంటుంది. అందులోకి దూసుకొచ్చే గెలాక్సీకి ఎదురుగాలి తగులుతుంది, బైక్ మీద వెళ్లేవారికి తగిలినట్టే. ఈ ఒత్తిడి వాయు సాంద్రతను వేగం వర్గంతో గుణించినంత ఉంటుంది. అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. గెలాక్సీ గురుత్వాకర్షణ దీన్ని తట్టుకోలేకపోతే లోపలి వాయువు ఊడిపోతుంది. నక్షత్రాలు మాత్రం చెదరవు. కన్యారాశి గుచ్ఛంలోని ఎన్‌జీసీ 4522లో సరిగ్గా ఇదే కనిపిస్తుంది: నక్షత్రాల పళ్లెం చెక్కుచెదరలేదు, వాయువు ఒక పక్కకు కొట్టుకుపోతోంది. వాయువే నక్షత్రాలకు ముడిసరుకు. అది అయిపోతే, ఆయువు తక్కువైన నీలి నక్షత్రాలు ముందు ఆరిపోతాయి, గెలాక్సీ ఎర్రబడుతుంది.

కథ ఇంత సూటిగా ఎప్పుడూ సాగదు. మరింత దూరాన ఏబెల్ 85 గుచ్ఛంలో జేఓ201 అనే గెలాక్సీ సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ, జెల్లీఫిష్‌లా తోకలు విడుస్తోంది. 2015లో ఇస్రో ప్రయోగించిన ఆస్ట్రోశాట్ తన అతినీలలోహిత టెలిస్కోప్‌తో ఆ తోకల్లోనే కొత్త నక్షత్రాలను చూసింది.

మన పాలపుంత ఇలాంటి రద్దీలో లేదు. అయినా పొరుగున ఉన్న చిన్న గెలాక్సీలకు అదే ఒక పరిసరం. రెండు మాగెలానిక్ మేఘాలు ఒకదాన్నొకటి లాక్కోవడం, పాలపుంత ప్రభావం కలిసి వాటి వాయువును ఆకాశంలో పొడవైన ప్రవాహంగా సాగదీశాయి. ఆ ప్రవాహం రేడియో టెలిస్కోప్‌లకు అందుతుంది. పెద్ద మేఘం మాత్రం కంటికే కనబడుతుంది. హైదరాబాద్‌లో అది దిగంతానికి మూడు డిగ్రీల ఎత్తు కూడా రాదు; శ్రీవిజయపురంలో ఎనిమిదిన్నర డిగ్రీలు వస్తుంది. జనవరి మధ్యలో, వెన్నెల లేని రాత్రి తొమ్మిది దాటాక, దీపాలకు దూరంగా దక్షిణాన సముద్రం మీద వెతకాలి.