ఇత్తడిలో మిగిలే బిగువు

మేనల్లుడికి,

బస్తర్‌లోని కొండగావ్‌లో ఘడ్వా పనివాళ్ల దగ్గర ఇత్తడి పోతపని నేర్చుకుంటున్నావు, సంతోషం. పేల్చిన రైఫిల్ తూటా గొట్టాన్ని మళ్లీ పాత కొలతకు ఎలా తెస్తారని అడిగావు. ఇత్తడి పనివాడికి ఆ సంగతి తెలియాలి.

ఆ గొట్టం 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేలగానే ఉబ్బి తుపాకీ గది గోడకు అతుక్కుని వాయువును వెనక్కి రానివ్వదు. ఆ వెంటనే కాస్త ముడుచుకుంటుంది గనకే బయటికొస్తుంది, కానీ పాత కొలతకు రాదు. చట్టం ఒప్పుకునే దేశాల్లో గురికాళ్లు దాన్ని ఉక్కు డైలోకి నొక్కి సన్నబరుస్తారు. డైలోంచి తీయగానే ఇత్తడి మళ్లీ వెంట్రుకవాసి ఉబ్బుతుంది, అందుకే డైని ఆ మేరకు ఇరుకుగా చేస్తారు. ఇలా ఉబ్బుతూ నొక్కుడు పడుతూ లోహం గట్టిపడి, చివరికి మెడ దగ్గర చీలుతుంది. మన పెంబర్తిలో రేకును కాక పెట్టకుండా కొడుతూ పోతే అంచు పగలదూ, అదే ఇది. విరుగుడూ అదే, కాక పెట్టడం. కాకపోతే కాక మెడకే తగలాలి. అడుగు మెత్తబడితే పేలుడు ఒత్తిడికి ఆగదు, తుపాకీ పట్టినవాడి ముఖానికే ముప్పు. సైన్యపు తూటాల మెడమీద కనిపించే నీలి మరక ఈ కాక గుర్తే.

నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది మరొకటి. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు పేల్చకుండానే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలో తేమ, చల్లగా సాగదీసిన ఇత్తడిలో మిగిలిన బిగువు, మూడూ కలిసి చేసిన పని అది. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ దాని కారణం వివరించారు. సన్నని వేడితో ఆ బిగువు వదిలించవచ్చు. ఆ అమ్మోనియా భయంతోనే రేకు సామాను పశువుల కొట్టంలో పెట్టొద్దంటాను. నీ పోతపనిలో ఇత్తడి పూర్తిగా కరిగి, మైనం ఖాళీచేసిన చోట నిండుతుంది గనక పాత బిగువు మిగలదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. బస్తర్ అడవిలో తూటా గొట్టం కనబడితే ముట్టుకోకు, పోలీసులకు చెప్పు. ఏ తుపాకీ పేల్చిందో చెప్పే గీతలు దానిమీద ఉంటాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటా భాగాలూ తూటాల లెక్కే, తయారీకి లైసెన్సు కావాలి. తుక్కు ఇత్తడిలో పేలని తూటా కలిసి రావచ్చు. మూసలో వేసేముందు ప్రతి ముక్కా చేత్తో తిప్పి చూడు.

మీ మామ