ఎక్సైటేషన్ పెంచితే ఆంపియర్లు తగ్గాయేం?

ప్రశ్న: మా సిమెంటు మిల్లు సింక్రనస్ మోటారుకు ఫీల్డ్ కరెంటు పెంచితే లైను ఆంపియర్లు తగ్గాయి. ఇంకా పెంచితే మళ్లీ పెరిగాయి. లోడు అదే. ఎందుకండీ?

జవాబు: లోడు మారనప్పుడు మోటారు తీసుకునే కిలోవాట్లు దాదాపు మారవు, మారేది రియాక్టివ్ భాగం. ఫీల్డ్ చాలకపోతే ఆ లోటును మోటారు లైను నుంచి తీసుకుంటుంది, పవర్ ఫ్యాక్టర్ ల్యాగింగ్ అవుతుంది. సరిపడా ఇస్తే పవర్ ఫ్యాక్టర్ 1, కరెంటు కనిష్ఠం. అది దాటితే మోటారే కెపాసిటర్‌లా లైనుకు రియాక్టివ్ పవర్ ఇస్తుంది. కరెంటు మళ్లీ పెరుగుతుంది, ఈసారి లీడింగ్. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే, అటైనా ఇటైనా, కరెంటు 1.25 రెట్లు.

పక్కన ఇండక్షన్ మోటార్లు ఎక్కువుంటే కాస్త లీడింగ్‌లో నడపడమే మేలు. ఫీల్డ్ వైండింగ్ వేడి గమనించండి. ఫీల్డ్ మరీ తగ్గించడం మాత్రం వద్దు, లోడు మీద మోటారు సింక్రనిజం తప్పుతుంది.